నవల మొదలుపెట్టి సగంలో వదిలేస్తున్నారా?

ముందు మీకు తెలిసిన మాట ఉన్న నవల పట్టుకోండి. మన వరంగల్ వైపు వాళ్లకైతే నేను దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్ళు' చెప్తా, ఎందుకంటే నిజాం కాలం నాటి దొర గడీ (కోట లాంటి ఇల్లు), వెట్టి, ఆడబాపల (దొరల ఇళ్లలో దాసీలుగా బతికిన ఆడవాళ్ల) బతుకు మన ఊరి మాటల్లోనే ఉంటాయి, చదువుతుంటే మా తాత మాట్లాడినట్టే ఉంటుంది. అందులో ఆడబాప అయిన వనజ ఉన్న పేజీలు మాత్రం తొందరపడకుండా చదవండి, నవల బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

'అంపశయ్య' దాని తర్వాతే. 1969లో అచ్చయిన నవీన్ గారి ఈ నవలలో కథ పరుగెత్తదు, ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, ఫీజులు, పరీక్షల టెన్షన్, అమ్మాయిలు, ఊరు, అన్నీ వాడి తలలో తిరుగుతూనే ఉంటాయి. రోజుకు పది పేజీలు అని పెట్టుకుంటే విసుగొస్తుంది, కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలెక్కినప్పుడు ఒకే ఊపులో చదవండి.

యండమూరి 'తులసిదళం' రాత్రి పూట మొదలుపెట్టకండి, తెల్లారేదాకా కింద పెట్టలేరు. భయం బాగా పనిచేస్తుంది, కానీ రెండోసారి చదవాలనిపించదు నాకు.

కొనే ముందు హనుమకొండ లైబ్రరీలో అడగండి.