రెండో పార్ట్ మొదటిదాన్ని మించాలంటే: చిన్న టీమ్ మొబైల్ గేమ్‌కి సీక్వెల్ చేసే పద్ధతి

నల్లగొండలోనో పాలమూరులోనో కాలేజీలో ఉండగానే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గేమ్ చేసి ప్లే స్టోర్‌లో పెట్టారనుకుందాం. ఆడినవాళ్లు రెండో పార్ట్ ఎప్పుడని అడుగుతున్నారు. చాలా టీమ్‌లు ఇక్కడ చేసే పని, 30 లెవెల్స్‌ని 60 చేసి, నాలుగు కొత్త డ్రెస్సులు పెట్టి, పేరు పక్కన 2 వేయడం. అంతమాత్రానికి మొదటి గేమ్‌కి అప్‌డేట్ ఇస్తే సరిపోతుంది. మొదటిది ఆడినవాడు రెండోదాని దగ్గరికి రెండు ఆశలతో వస్తాడు: అప్పుడు విసిగించింది ఇప్పుడు ఉండకూడదు, అప్పుడు చేయలేని పని ఒకటి ఇప్పుడు చేయగలగాలి. పని కూడా ఆ వరసలోనే జరగాలి. పాత విసుగు తీయకుండా కొత్తది పెడితే, కొత్తదాని దాకా ఎవరూ రారు.

ఉదాహరణకి ఒక టూడీ గేమ్ తీసుకుందాం. మొదటి పార్ట్‌లో ఒక పిలగాడు దేవరకొండ కోట గుట్ట ఎక్కుతాడు. ఉరకడం, దూకడం, పాకడం, రాయి నెట్టడం, ఈ నాలుగే పనులు. రెండో పార్ట్ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర జరుగుతుంది. ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, గోడో.

ఎక్కడ ఆగిపోయారో చూడండి

ప్లే కన్సోల్‌లో (డెవలపర్లకి గూగుల్ ఇచ్చే పేజీ) ఒకటి నుంచి మూడు స్టార్ల రివ్యూలన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించండి. ఐదు స్టార్లవి చదివితే సంతోషమే గానీ పని దొరకదు. తర్వాత పాత గేమ్‌లోనే చిన్న మార్పు చేయండి: ఆటగాడు చచ్చిన ప్రతిసారీ లెవెల్ నంబరు, ఎక్స్, వై విలువలు ఒక ఫైల్‌లో రాసిపెట్టాలి. పది పన్నెండు మంది ఫోన్ల నుంచి ఆ ఫైళ్లు తెచ్చి లెవెల్ బొమ్మ మీద చుక్కలుగా వేస్తే, చుక్కలు ఎక్కడ గుంపు కడుతున్నాయో కనిపిస్తుంది.

ప్రతి గుంపు దగ్గర ఒకటే ప్రశ్న: వీళ్లకి అక్కడ ప్రమాదం కనిపించలేదా, కనిపించినా వేలు మాట వినలేదా, లేక అంతా తెలిసి కూడా కష్టమైందా? మొదటి రెండూ మీ తప్పులు, రెండో పార్ట్‌లో ఉండకూడదు. మూడోది మీ గేమ్, దాన్ని కాపాడుకోండి. ఈ తేడా చూడకుండా అన్నింటినీ సులువు చేస్తే గేమ్ చప్పబడిపోతుంది.

2007లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్‌లో హీరో నీళ్లలో పడితే చచ్చిపోయేవాడు. జేబు కొట్టడం, చాటుగా మాటలు వినడం వంటి పనులే ఊరూరా మళ్లీ మళ్లీ వచ్చేవి. 2009 నాటి రెండో పార్ట్‌లో హీరోకి ఈత వచ్చింది, పనుల్లో రకాలు పెరిగాయి. మేడల మీద ఉరకడం, గోడలెక్కడం మాత్రం అలాగే నిలబెట్టారు.

రివ్యూలతో పాటు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చూడటం తప్పనిసరి. గేమ్ ఎప్పుడూ చూడనివాళ్లు ఐదుగురు చాలు. ఫోన్ చేతికిచ్చి మీరు నోరు మెదపకండి. "అక్కడ నొక్కు" అన్నారంటే ఆ పరీక్ష పోయినట్టే. స్క్రీన్ కాదు, బొటనవేళ్లు చూడండి. వేలు ఎక్కడ తడుముకుంటుందో అక్కడ పని ఉంది.

జంప్ మాట వినాలి

ఫోన్ గేమ్‌కి వచ్చే కోపాల్లో ఎక్కువ భాగం "నేను నొక్కిన, అది దుంకలే" అన్నదే. ఇందులో మూడు వేర్వేరు కారణాలు కలిసి ఉంటాయి, విడదీసి చూడాలి.

ఒకటి, కుడి బాణం పట్టుకుని ఉండగా జంప్ నొక్కితే అసలు పని చేయకపోవడం. గోడోలో మామూలు బటన్ నోడ్ (గేమ్‌ని కట్టే ఒక్కో భాగాన్ని నోడ్ అంటారు) ఒకేసారి రెండు వేళ్లని సరిగా పట్టుకోదు. ఆట బటన్లన్నింటికీ టచ్‌స్క్రీన్‌బటన్ నోడ్ వాడాలి. మామూలు బటన్లు మెనూలకే. సైజు కూడా చూసుకోండి: ఆండ్రాయిడ్ సూచించే కనీసం 48 డీపీ (ఏ స్క్రీన్ మీదైనా దాదాపు ఒకే సైజు వచ్చే కొలత) మెనూకి సరిపోతుంది గానీ, చూడకుండా నొక్కే జంప్ బటన్‌కి 80 నుంచి 100 డీపీ ఇవ్వండి.

రెండు, అంచు దాటిన మరుక్షణం నొక్కడం. ఆటగాడి కంటికి కాలు ఇంకా రాయి మీదే ఉంది, కోడ్ లెక్కలో గాల్లో ఉంది. దీనికి మందు కయోటీ టైమ్, అంటే అంచు దాటాక కూడా ఓ క్షణం జంప్ ఒప్పుకోవడం. ఒక వేరియబుల్ పెట్టుకోండి. కాళ్లు నేల మీద ఉన్నంతసేపు దాని విలువ 0.1 సెకను. నేల వదిలాక ప్రతి ఫిజిక్స్ ఫ్రేమ్‌లో డెల్టా (ముందు ఫ్రేమ్ నుంచి గడిచిన సమయం) తీసేస్తూ పోవాలి. అది సున్నా కన్నా ఎక్కువ ఉన్నంతవరకు జంప్ ఒప్పుకోవాలి. దూకగానే దాన్ని సున్నా చేయడం మరిచిపోతే గాల్లో రెండోసారి కూడా దూకేస్తాడు. కొత్తగా చేసేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

మూడు, నేలని తాకడానికి కాస్త ముందే నొక్కడం. నొక్కిన క్షణాన ఇంకో టైమర్‌ని 0.12 సెకనుకి పెట్టండి. అది అయిపోయేలోపు కాలు నేలకి తగిలితే జంప్ జరిగిపోవాలి. వీటితో పాటు, పైకి లేస్తుండగా వేలు తీస్తే పైకి వెళ్లే వేగాన్ని సగం చేయండి. చిన్న నొక్కుకి చిన్న జంప్ వస్తుంది.

ఈ టైమర్లన్నీ సెకన్లలోనే లెక్కపెట్టాలి. "ఆరు ఫ్రేములు" అని రాస్తే 60 ఫ్రేముల ఫోన్‌లో 0.1 సెకను, 30 ఫ్రేముల ఫోన్‌లో 0.2 సెకను అవుతుంది. ఒకే గేమ్ రెండు ఫోన్లలో రెండు తీర్ల నడుస్తుంది.

ఇప్పుడు ఒక ఆశ పుడుతుంది, దాన్ని ఆపుకోవాలి. వేగం సెకనుకి 200 పిక్సెల్స్, గాల్లో ఉండేది 0.7 సెకను అయితే జంప్ దూరం 140 పిక్సెల్స్, అంటే 16 పిక్సెల్స్ టైల్స్‌లో (లెవెల్‌ని పేర్చే చదరపు ముక్కల్లో) ఎనిమిదీ ముప్పావు. కయోటీ టైమ్ వల్ల ఇంకో 20 పిక్సెల్స్ దాకా కలుస్తుంది. అందింది కదా అని సందుని తొమ్మిదిన్నర టైల్స్‌కి పెంచితే ఇచ్చిన సాయం మీరే గుంజుకున్నట్టు. పెద్ద సందు ఎనిమిది టైల్స్ దగ్గరే ఉంచి, ఆ మిగులు ఆటగాడికే వదిలేయండి.

1987 నాటి స్ట్రీట్ ఫైటర్‌లో ప్రత్యేకమైన దెబ్బలు కొట్టడమే గగనం. 1991లో వచ్చిన రెండోదాంట్లో ఎంచుకోవడానికి ఎనిమిది మంది వచ్చారన్నది అందరికీ గుర్తుంది, నిజానికి ఆ దెబ్బలు చేతికి అందేలా చేయడం అంతకన్నా పెద్ద మార్పు.

కొత్త పని ఒక్కటి, కానీ పాతవన్నింటినీ తాకేది

పోర్టల్ (2007)లో గోడకి రెండు ద్వారాలు వేసి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లడమే ఆట. 2011లో రెండో పార్ట్‌కి జెల్స్ వచ్చాయి: నీలం పూస్తే ఎగురుతారు, నారింజ పూస్తే వేగం పెరుగుతుంది, తెల్లది పూసిన చోట ద్వారం వేయొచ్చు. జెల్స్‌ని ద్వారాల గుండా కూడా పంపొచ్చు కాబట్టి పాత పనికి కొత్త అర్థం వచ్చింది. ఆ రంగుల ఆలోచన డిజిపెన్ విద్యార్థులు కాలేజీలో చేసిన ఒక చిన్న గేమ్‌ నుంచి వచ్చింది. మొదటి పోర్టల్‌కి మూలం కూడా అదే కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టే. చిన్న టీమ్‌ వల్ల కాని పని కాదిది.

మన ఉదాహరణలో కొత్త పని నీడ. పానగల్లు గుడి గర్భాలయంలో రోజంతా కదలకుండా నిలిచే నీడ ఉంది కదా, ఆలోచన అక్కడిదే. కాగితం మీద పాత పనులు నాలుగూ రాసి, ఒక్కోదాని పక్కన నీడ చేరితే ఏమవుతుందో రాయండి.

ఉరకడం: ఎండలో బండ కాలుతుంది. రెండు సెకన్లకి మించి నిలబడితే దెబ్బ. కాబట్టి నీడ నుంచి నీడకి ఉరకాలి.
పాకడం: నీడ పడ్డ గోడనే పట్టుకోగలడు.
రాయి నెట్టడం: రాయి జరిగితే దాని నీడా జరుగుతుంది. అంటే రాయితో దారి వేసుకోవచ్చు. అసలు ఆట ఇక్కడ ఉంది.
దూకడం: ఇక్కడ కొత్తగా ఏమీ పుట్టడం లేదు.

నాలుగింట మూడు కలిశాయి, అది చాలు. ఒకటే కలిస్తే ఆ ఆలోచన పక్కన పెట్టేయండి, ఎంత ముద్దొచ్చినా సరే. దానికి బొమ్మలు వేయడం మొదలుపెట్టాక వదులుకోవడం చాలా కష్టం, అందుకే ముందు ఉత్త నల్ల డబ్బాలతో నీడలు చేసి మూడు లెవెల్స్ ఆడించి చూడండి. డబ్బాలతోనే ఆట బాగుంటే బొమ్మలతో ఇంకా బాగుంటుంది.

కొత్త పని మొదటి పది నిమిషాల్లోపే చేతికి రావాలి. మొదటి పార్ట్ ఆడనివాళ్లూ ఉంటారని పాత నాలుగు పనులు నేర్పడానికే ఐదు లెవెల్స్ పెడితే, ఆడినవాడు అక్కడే గేమ్ తీసేస్తాడు. ఒకే లెవెల్‌లో పాతవి దాటించి, రెండో లెవెల్‌లో నీడ చూపించండి.

పాత సరుకు వాడుకోవడం

పాత బొమ్మలు, సౌండ్లు, యానిమేషన్లు మళ్లీ వాడటం తప్పేమీ కాదు. జెల్డా సిరీస్‌లో 2000 నాటి మేజోరాస్ మాస్క్, 1998 నాటి ఒకారినా ఆఫ్ టైమ్ ఇంజిన్‌ని, చాలా పాత్రల బొమ్మల్ని వాడుకుని వచ్చింది. మూడు రోజుల్లో లోకం అంతమయ్యే గడియారం చుట్టూ ఆట తిప్పడం వల్ల పాత ముఖాలు కూడా కొత్తగా అనిపించాయి. డ్రాగన్ ఏజ్ 2 (2011)లో ఒకే గుహ వేర్వేరు కథలకి మళ్లీ మళ్లీ రావడంతో ఆడినవాళ్లు గట్టిగా విమర్శించారు. టైల్ సెట్ పాతదైనా పర్లేదు, లెవెల్ గీత మాత్రం కొత్తది కావాలి.

తెలుగు అక్షరాలు

మొదటి పార్ట్ గోడో 3లో చేసి ఉంటే వత్తులు, గుణింతాలు విడివిడిగా పడి, తెలుగు పెట్టలేక ఇంగ్లిష్‌తో సర్దుకుని ఉంటారు. గోడో 4 (2023)లో ఆ బాధ తీరింది, నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెడితే వత్తులు చక్కగా కూర్చుంటాయి. "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" రాసి చూసుకోండి. యూనిటీ టెక్స్ట్‌మెష్‌ప్రోలో (ఇంకో ఇంజిన్‌లో అక్షరాలు చూపించే భాగం) ఇదే చిక్కు ఉంది, కొద్ది మాటలే అయితే బొమ్మలుగా పెట్టడం తేలిక. కింద వత్తు, పైన గుడి తెగకుండా వరసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఇవ్వండి.

3 నుంచి 4కి మారడం ఒక రోజు పని అనుకోవద్దు. కినెమాటిక్‌బాడీ2డీ పేరు క్యారెక్టర్‌బాడీ2డీ అయింది, యీల్డ్ స్థానంలో అవెయిట్ వచ్చింది, కదలిక ఫంక్షన్ వేగాన్ని బయటి నుంచి తీసుకోదు. మార్చాక జంప్ ఎత్తు, దూరం టైల్స్‌లో కొలిచి పాతదానితో సరిచూడండి. మారాలనుకుంటే మొదట్లోనే మారాలి, సగం పని అయ్యాక కాదు.

మే నెల పరీక్ష

వేసవిలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. దేవరకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆడేవాడి ఫోన్, వేడికి తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో లాప్‌టాప్ మీద బ్రహ్మాండంగా నడిచిన గేమ్ అక్కడ నత్తనడక నడుస్తుంది. 2023 అక్టోబరులో వచ్చిన సిటీస్ స్కైలైన్స్ 2 గట్టి కంప్యూటర్లలోనే తడబడింది, కొత్తగా ఎన్ని పెట్టినా మాట అంతా దాని వేగం చుట్టూనే తిరిగింది.

3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్ ఒకటి సంపాదించండి. మధ్యాహ్నం పూట, వెలుతురు ఫుల్‌గా పెట్టి, అరగంట ఆపకుండా ఆడించండి. 5, 15, 30 నిమిషాల దగ్గర ఫ్రేములు రాసుకోండి. 60తో మొదలై 40కి, 50కి ఊగుతుంటే 30 దగ్గర కట్టేయడం మేలు, నిలకడగా ఉన్న 30 కంటికి హాయి. గోడోలో బొమ్మలు గీసే రెండరర్‌ని, పాత ఫోన్లకి పనికొచ్చే కంపాటిబిలిటీలో పెట్టండి. 2048 బై 2048 బొమ్మ కుదించకపోతే 16 ఎంబీ మెమరీ తింటుంది, ఈటీసీ2 అనే కుదింపు పద్ధతితో 4 ఎంబీకి వస్తుంది. పెద్ద బ్యాక్‌గ్రౌండ్లకే అది వాడండి, పిక్సెల్ ఆర్ట్‌కి వాడితే అంచులు చెడతాయి.

ఈ గేమ్‌కి ఇంకో ముప్పు ఉంది. ఎండలో స్క్రీన్ చూసేవాడికి ముదురు నీడకీ నల్ల రాయికీ తేడా తెలియదు. నీడ అంచుకి లేత నీలం గీత ఒకటి ఇవ్వండి.

పాత ఆటగాడికి గుర్తింపు

ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ దాచుకున్న సేవ్‌ని ఇంకో యాప్ చదవలేదు. మొదటి పార్ట్ సేవ్‌ని తీసుకునే మాస్ ఎఫెక్ట్ 2 లాగా పాత సేవ్ తెచ్చుకోవాలంటే తేలికైన దారి నాలుగక్షరాల కోడ్. పది అంకెలు, ఇరవై ఆరు ఇంగ్లిష్ అక్షరాల్లోంచి ఒకదానిలా ఒకటి కనిపించే సున్నా, ఓ, ఒకటి, ఐ తీసేస్తే 32 మిగులుతాయి. ఒక్కో అక్షరం ఐదు బిట్లు, అంటే ఐదు అవును-కాదు జవాబులు, మోస్తుంది. మొదటి అక్షరంలో చేరిన లెవెల్, రెండోదాంట్లో ఐదు డ్రెస్సుల్లో ఏవి ఉన్నాయో, మూడోదాంట్లో నాణేలు ఏ మెట్టు దాకా వచ్చాయో, నాలుగోదాంట్లో మిగతా మూడింటి మొత్తాన్ని 32తో భాగిస్తే వచ్చే శేషం. ఒక్క అక్షరం తప్పు కొట్టినా ఆ శేషం కలవదు. ఇది మోసాన్ని గట్టిగా ఆపదు, టైపింగ్ తప్పుల్ని పట్టుకుంటుంది, దీనికి అంతే కావాలి. బదులుగా పాత డ్రెస్సులే ఇవ్వండి, బలాలు ఇవ్వొద్దు, ఇస్తే మొదటి లెవెల్స్ తూకం తప్పుతుంది.

స్టోర్‌లో పెట్టేటప్పుడు

కొత్త ప్యాకేజ్ పేరుతో వేరే యాప్‌గానే పెట్టండి. పాతదాని మీదే రెండోది ఎక్కిస్తే పాతది ఇష్టపడ్డవాళ్లకి అది దక్కకుండా పోతుంది. కోడ్ చూపించే మెనూ మాత్రం మొదటి గేమ్‌కి అప్‌డేట్‌గా ముందే వెళ్లాలి, రెండోది విడుదలైన రోజు కాదు.

మీ వ్యక్తిగత డెవలపర్ ఖాతా 2023 నవంబరు 13 తర్వాత తెరిచిందైతే, కొత్త యాప్‌ని అందరికీ విడుదల చేసే ప్రొడక్షన్ అనుమతి అడిగేముందు, పిలిచినవాళ్లే ఆడే క్లోజ్డ్ టెస్ట్‌లో కనీసం 12 మంది 14 రోజులు వరసగా ఉండాలి. మధ్యలో ఇద్దరు తప్పుకుంటే పని ఆగుతుంది కాబట్టి 20 మందిని చేర్చండి. వాళ్లలో సగం మంది మొదటి పార్ట్ ఆడనివాళ్లు కావాలి, ఇద్దరు ముగ్గురైనా అచ్చంపేట, దేవరకొండ వైపు సిగ్నల్ తక్కువ ఉండే ఊళ్ల నుంచి ఉండాలి. నెట్ లేకుండా గేమ్ తెరుచుకుంటుందో లేదో మొదట చెప్పేది వాళ్లే.