డోర్ కౌంటీకి పెద్దవాళ్లతో వెళ్తున్నారా? పేరు సంగతి ఫెర్రీ దిగాక చెప్పండి

డోర్ అంటే తలుపే. కాకపోతే ఇది యమద్వారం. విస్కాన్సిన్‌లో మిషిగన్ సరస్సుకీ గ్రీన్ బే అనే అఖాతానికీ మధ్య సాగిన నేల డోర్ కౌంటీ. దాని కొసకీ వాషింగ్టన్ ఐలాండ్‌కీ నడుమ ఉన్న జలసంధిని ఫ్రెంచివాళ్లు 'పోర్త్ దే మోర్' అన్నారు, అంటే మృత్యుద్వారం. పోరుకు బయల్దేరిన స్థానిక తెగల యోధులు తుఫానులో పడవలతో సహా మునిగిపోయారని కథ. కథ మాట అటుంచినా, అక్కడి గాలులకీ రాతితిన్నెలకీ బలైన ఓడలు చాలానే ఉన్నాయి. 1851లో కౌంటీ ఏర్పడేసరికి పేరులో ద్వారం మిగిలింది, మృత్యువు జారుకుంది.

మా అమ్మలాంటివాళ్లకి ఇదంతా ముందే చెప్తే ఫెర్రీ ఎక్కరు. అందుకే శీర్షికలో ఆ సలహా.

చికాగో నుంచి డోర్ కౌంటీలోని స్టర్జన్ బే ఊరికి కారులో నాలుగు గంటలకు అటూఇటూ. ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. పొద్దున 57వ నంబరు రోడ్డు పట్టుకుని సరస్సు వైపు నుంచి పైకి వెళ్లి, సాయంత్రం 42 మీద బే వైపు దిగితే సూర్యాస్తమయం నీళ్ల మీద దొరుకుతుంది.

దారిలో ముందు కేవ్ పాయింట్. టికెట్ లేదు. సున్నపురాయి గట్టు కింద అలలు తొలిచిన గుహల్లోకి నీళ్లు దూరి ధన్‌మని మోగుతాయి. అంచున రెయిలింగ్ లేదు, పిల్లల చెయ్యి వదలొద్దు. తర్వాత కేనా ఐలాండ్ లైట్‌హౌస్, 1869 నాటిది. మెట్లు తొంభై పైనే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని కిందే కూర్చోబెట్టండి. వాళ్లకి పెనిన్సులా స్టేట్ పార్క్‌లోని ఈగిల్ టవర్ నయం: చెట్ల మధ్య నుంచి పైదాకా ర్యాంప్ ఉంది, వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. స్టేట్ పార్కులకి మాత్రం కారు స్టిక్కర్ కొనాలి, ఇల్లినాయ్ నంబరు ప్లేటున్న కారుకి రేటు ఎక్కువ.

నార్త్‌పోర్ట్‌లో కారుతో సహా వాషింగ్టన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కండి, అరగంట ప్రయాణం. ద్వీపంలో స్కూల్‌హౌస్ బీచ్ అంతా నున్నటి తెల్ల గులకరాళ్లే, ఇసుక ఉండదు. శివలింగంలా ఉందంటూ నాన్నగారు ఒకటి జేబులో వేసుకోబోతారు. రాళ్లు తీసుకెళ్తే జరిమానా, బోర్డు చూపించండి.

భోజనం విషయానికొస్తే, ఇక్కడి ప్రత్యేకత ఫిష్ బాయిల్. ఆరుబయట కట్టెల పొయ్యి మీద ఉప్పునీళ్ల కాగులో బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, చివర్లో వైట్‌ఫిష్ ముక్కలు వేస్తారు. చేప నూనె పైకి తేలగానే మంట మీద కిరసనాయిలు విసురుతారు. భగ్గుమని మంట లేచి, నీళ్లు పొంగి, నూనెంతా బయటికి పోతుంది. చూడ్డానికి అదిరిపోతుంది. తినడానికి మాత్రం కారం లేక చప్పగా ఉంటుంది. పచ్చడి డబ్బా దగ్గరుంచుకోండి, ముళ్లు చూసి తినండి. శాకాహారులకి పులిహోర కట్టుకెళ్లడమే మేలు.

సిస్టర్ బేలో రెస్టారెంట్ కప్పు మీద గడ్డి మేసే మేకల్ని చూడ్డానికి పది నిమిషాలు చాలు.

జులై మూడో వారం అయితే తోటల్లో చెర్రీలు మీరే కోసుకోవచ్చు. ఇవి పుల్లని మాంట్‌మొరెన్సీ రకం. పిల్లలు ఒకటి నోట్లో వేసుకుని మొహం చిట్లిస్తారు. గింజ తీసి, కందిపప్పులో పచ్చిమిర్చితో ఉడికించి, ఇంగువ తిరగమోత పెట్టండి. చింతపండు అక్కర్లేదు. మా ఇంట్లో ఒక బకెట్టు ఫ్రీజర్‌లో పెడితే సంక్రాంతి దాకా వస్తుంది.