నా అనుభవం: కంప్యూటర్‌కు కనిపించని గింబల్ కెమెరా

కంప్యూటర్‌కు ఈథర్‌నెట్ కేబుల్‌తో నేరుగా కలిపిన గింబల్ కెమెరాలో (మోటార్లతో తిరుగుతూ నిలకడగా ఉండే కెమెరా) మోటార్లు చక్కగా పనిచేస్తున్నా, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మాత్రం పరికరం దొరకలేదనే చెప్పేది. కేబుల్ మార్చడం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం వల్ల ఫలితం లేకపోయింది.

మాన్యువల్ ప్రకారం ఈ కెమెరా స్థిర ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) 192.168.144.25. మధ్యలో చిరునామాలు కేటాయించే రౌటర్ లేనప్పుడు విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే చిరునామా పెట్టుకుంటుంది కనుక, రెండూ ఒకే తీగకు ఉన్నా ఒకదాని మాట మరొకదానికి చేరదు. అందుకే ముందుగా ఈథర్‌నెట్ అడాప్టర్ ఐపీవీ4 ప్రాపర్టీస్‌లో కంప్యూటర్‌కు కెమెరా వరుసలోనే ఉండే 192.168.144.30 అనీ, సబ్‌నెట్ మాస్క్ (ఏ చిరునామాలు ఒకే నెట్‌వర్క్‌లోవో చెప్పే సంఖ్య) 255.255.255.0 అనీ ఇచ్చి, గేట్‌వేను (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే చిరునామా) ఖాళీగా వదిలాను. అది నింపితే వైఫైలో వస్తున్న ఇంటర్నెట్ కూడా ఇటు మళ్లి ఆగిపోవచ్చు. కెమెరా అందుబాటులో ఉందో లేదో చూసే పింగ్ ఆదేశానికి వెంటనే జవాబు వచ్చింది. తర్వాత కెమెరా ప్రత్యక్ష వీడియోను ఇచ్చే ఆర్‌టీఎస్‌పీ లింకును వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిస్తే వీడియో కనిపించింది గానీ, సాఫ్ట్‌వేర్ నుంచి గింబల్ కదల్లేదు. గేట్‌వే లేని ఇలాంటి నెట్‌వర్క్‌ను విండోస్ సాధారణంగా పబ్లిక్‌గా (నమ్మకం లేనిదిగా) లెక్కిస్తుంది. ఫైర్‌వాల్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌కు పబ్లిక్ అనుమతి కూడా ఇచ్చాకే పాన్ (పక్కలకు తిప్పడం), టిల్ట్ (పైకీ కిందికీ వంచడం) రెండూ పనిచేశాయి.

మీ మోడల్ చిరునామా వేరై ఉండవచ్చు. రౌటర్ ద్వారా కలిపినవారికి ఈ పద్ధతి యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేను.