వీధిలో తట్టు వస్తే లెక్క ఎలా కట్టాలి

"టీకా వేయించిన పిల్లలకే తట్టు వచ్చిందట, ఇంకెందుకండీ ఆ సూదులు?" ఇక్కడ విశాఖ కంచరపాలెంలో ఏ ఇంట్లో తట్టు (మీజిల్స్) పోసినా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ ముక్క ఎవరో ఒకరు పెట్టకుండా ఉండరు. వాళ్లతో గొడవ పడొద్దు, ఒక తెల్లకాగితం తీయండి.

ముందు ఎవరిని లెక్కలో వేసుకోవాలో తేల్చుకోండి. జ్వరం, ఎర్రటి దద్దుర్లు, వాటితో పాటు దగ్గో, ముక్కు కారడమో, కళ్లు ఎర్రబడడమో ఉంటే తట్టు అని అనుమానించాలి. దద్దుర్లు ముఖం మీద, చెవుల వెనక మొదలై కిందికి దిగుతాయి. నీటి పొక్కులుంటే అది చాలావరకు ఆటలమ్మ, దాన్ని ఇందులో కలిపారంటే మొత్తం లెక్క పాడు.

ఇక గళ్లు గీయండి. వయసు, దద్దుర్లు కనిపించిన తేదీ, ఎమ్మార్ టీకా (తట్టుకి, రుబెల్లాకి కలిపి వేసేది) ఎన్ని డోసులు, ఈమధ్య ఎక్కడెక్కడ తిరిగారు. డోసులు మాత్రం కార్డు చూసే రాయండి, "అన్నీ వేయించేశామమ్మా" అంటే నమ్మొద్దు. మొదటిది 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. జారిపోయేది ఎక్కువగా ఆ రెండోదే.

తేదీ ఎందుకంటారా? దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక నాలుగు రోజుల వరకు ఆ బిడ్డ నుంచి ఇతరులకు అంటుకుంటుంది. 20న దద్దుర్లొస్తే 16 నుంచి 24 దాకా అన్నమాట. జలుబే కదా అని బడికి, ట్యూషన్‌కి పంపిన రోజులే అవి. మా అమ్మమ్మ కాలంలో గుమ్మానికి వేపమండ కనిపిస్తే ఆ ఇంటికి పిల్లల్ని పోనిచ్చేవారు కాదు, మంచి పద్ధతే, కానీ మండ కట్టేసరికే నాలుగు రోజులు ఆలస్యం. పైగా రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ గది గాలిలో వైరస్ ఉండగలదు. అంటుకున్నాక దద్దుర్లు రావడానికి సుమారు 14 రోజులు పడుతుంది, కాబట్టి అందరికీ ఒకటి రెండు రోజుల తేడాతో వస్తే ఒకేచోట అంటుకుని ఉండొచ్చు, రెండు వారాల ఎడంతో వస్తుంటే ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది.

ఇప్పుడు గ్రూపులో ఆ మాటకి జవాబు. ఊరికే ఒక లెక్క అనుకుందాం: మీ కాలనీలో పిల్లలు 200 మంది, 190 మందికి రెండు డోసులూ పడ్డాయి, 10 మందికి ఒక్కటీ పడలేదు. తట్టు వచ్చింది 15 మందికి, అందులో ఆరుగురు టీకా వేయించుకున్నవాళ్లే. చూశారా, 40 శాతం! అని గోల మొదలవుతుంది. చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న లవం, హారం గుర్తు తెచ్చుకోండి. టీకా పడ్డవాళ్లలో 190కి 6, అంటే 3 శాతం చిల్లర. పడనివాళ్లలో 10కి 9, అంటే 90 శాతం. 90లోంచి ఆ 3 తీసేసి, వచ్చినదాన్ని 90తో భాగిస్తే 96 శాతానికి పైనే, అదే టీకా ఇచ్చిన రక్షణ. నిజంగా కూడా రెండు డోసుల రక్షణ 97 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. టీకా వేయించుకున్నవాళ్లు ఎక్కువమంది ఉన్నచోట రోగుల్లో కూడా వాళ్లు కొందరు కనబడక తప్పదు.

95 శాతం మందికి టీకా పడాలని ఎందుకంటారో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎవరికీ రక్షణ లేనిచోట ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి తట్టు అంటుకుంటుంది. 18 అనుకుంటే అందులో 17 మందికి, అంటే దాదాపు 95 శాతం మందికి, రక్షణ ఉంటేనే అది ఒక్కరితో ఆగుతుంది. విశాఖ మొత్తం సగటు బాగున్నా ఏదో ఒక సందులో 70 శాతమే ఉంటే తట్టు ఆ సందునే పట్టుకుంటుంది, సగటు చూసి మురిసిపోతే లాభం లేదు.

కాగితం నిండాక ఫొటో తీసి వార్డు సచివాలయంలో ఉండే నర్సమ్మ, అదే ఏఎన్ఎం‌కి పంపండి, రక్తం శాంపిల్ సంగతి వాళ్లు చూసుకుంటారు. రోగి దగ్గర మసిలిన, టీకా పడని పిల్లలుంటే మాత్రం ఆమెకి అదే రోజు ఫోన్ చేయండి, రోగి దగ్గర మసిలిన 72 గంటల్లోపు టీకా వేస్తే చాలాసార్లు తట్టు రాకుండా ఆగుతుంది. వచ్చేసిన బిడ్డకు విటమిన్ ఎ గురించి డాక్టర్‌ని అడగండి, ఆయాసం గాని మగత గాని కనిపిస్తే ఇంట్లో ఉంచుకోకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోండి.