బార్‌బెల్ పాఠాలు - 5: పట్టు పెంచాలా, స్ట్రాప్ కట్టాలా?

పోయిన పాఠంలో రోమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగానే వంచి, తుంటి దగ్గర వంగి బార్‌ని కాళ్ల వెంట దించి లేపడం) నేర్చుకున్నాం. చివర్లో ఒక పని అప్పజెప్పాను. ప్రతి సెట్, అంటే మధ్యలో ఆగకుండా వరసగా చేసే విడత, ఎందుకు ఆగిపోయిందో నోట్‌బుక్‌లో ఒక్క మాటలో రాసుకోమన్నాను. తొడల వెనక మంటపుట్టి ఆపేస్తే ‘తొడ’, నడుము అలిసిపోతే ‘నడుము’, బార్ వేళ్లలోంచి జారిపోతే ‘పట్టు’. ఇప్పుడు ఆ పేజీ తీయండి. ‘పట్టు’ అని ఒకటి రెండు చోట్ల ఉంటే పట్టించుకోనక్కర్లేదు. వరసగా అదే కనిపిస్తుంటే మాత్రం మీ కాళ్లకూ వీపుకూ అందాల్సిన వ్యాయామం చేతుల దగ్గరే ఆగిపోతోందన్నమాట. ఈ పాఠం దాని గురించే: పట్టు ఎలా పెంచాలి, చేతిని బార్‌కి కట్టే స్ట్రాప్ అనే పట్టీ ఎప్పుడు వాడాలి.

ముందు బార్‌ని అనుమానించండి

బార్ జారినంత మాత్రాన చేతుల్లో బలం లేదని కాదు. మే నెలలో విజయవాడలోనో, విశాఖలోనో, ఏసీ లేని జిమ్‌లో రెండో సెట్‌కే అరచేతులు తడిసి ముద్దవుతాయి. అది చెమట సమస్య. దానికి నెలల తరబడి పట్టు వ్యాయామాలు చేసి లాభం లేదు, చేతులు తుడుచుకుని చాక్ రాసుకుంటే సరిపోతుంది. చాక్ అంటే బడిలో వాడే సుద్ద కాదు, మెగ్నీషియం కార్బొనేట్ పొడి. నేలంతా తెల్లగా అవుతుందని చాలా జిమ్‌లు దాన్ని రానివ్వవు. అలాంటి చోట లిక్విడ్ చాక్ వాడండి. శెనగగింజంత తీసుకుని రెండు చేతులకూ రుద్దుకుని, బాగా ఆరాకే బార్ పట్టుకోవాలి. తడి ఆరకుండా పట్టుకుంటే ఇంకా జారుతుంది.

తర్వాత బార్ మీది గరుకు గీతలు చూడండి. మీరు చేతులు పెట్టే చోట గోటితో గీరండి. గోరు టకటకా తగులుతూ పోతే బార్ బాగున్నట్టే. గాజు మీద పోయినట్టు జారిపోతే, గీతలు అరిగిపోయాయి. అదే జిమ్‌లో ఇంకో మూల ఎవరూ ముట్టని బార్ ఒకటి ఉంటుంది, దాంతో చేసి చూడండి. గ్లోవ్స్ వేసుకునే అలవాటుంటే ఈ పాఠంతో మానేయండి. గ్లోవ్ వేసుకుంటే బార్ మందం పెరుగుతుంది, లావుపాటి బార్‌ని పట్టుకోవడం ఎప్పుడూ కష్టమే. ‘చేతులు కాయలు కాస్తాయి’ అంటారు. కాయనివ్వండి.

కాయలు చిట్లడం మాత్రం మంచిది కాదు. అది చాలావరకు బార్‌ని పెట్టే చోటుని బట్టే జరుగుతుంది. అరచేతి మధ్యలో పెట్టి పిడికిలి బిగిస్తే, బరువు లేవగానే బార్ కిందికి, వేళ్ల మొదళ్ల దాకా దిగుతుంది. దిగుతూ దిగుతూ చర్మాన్ని మడతపెట్టి లాగుతుంది. అందుకే మొదటే వేళ్ల మొదళ్ల దగ్గర, అంటే బార్ ఎలాగూ దిగే చోటనే పెట్టుకోండి. చిన్న మార్పే గానీ దీంతోనే ఒకటి రెండు రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) కలిసొచ్చేవాళ్లు ఉంటారు.

ఎలా పట్టుకోవాలి

రెండు అరచేతులూ మనవైపే ఉండే మామూలు పట్టు మొదటిది. మిగతా పట్లకన్నా ముందు తడబడేది ఇదే. ఎందుకంటే బార్ దొర్లడం మొదలుపెడితే రెండు చేతుల్లోనూ ఒకే దిక్కుకి దొర్లి, వేళ్లను తెరుచుకుని పోతుంది. పట్టు పెంచడానికి పనికొచ్చేది కూడా ఇదే.

రెండోది మిక్స్‌డ్ పట్టు, ఒక అరచేయి లోపలికి, ఒకటి బయటికి. బార్ దొర్లడం ఆగిపోతుంది కాబట్టి ఎంతో సులువనిపిస్తుంది. కానీ బయటికి తిరిగిన చేతి మోచేయి కాస్త వంచి లాగితే బైసెప్స్ కండ తెగే ప్రమాదం ఉంది. ఈ పట్టు వాడితే మోచేతులు తాడులా నిటారుగా ఉండాలి, సెట్ సెట్‌కీ చేతులు మార్చాలి.

మూడోది హుక్ పట్టు. బొటనవేలిని బార్ మీద పెట్టి, మిగతా వేళ్లతో దాన్ని నొక్కిపట్టడం. వెయిట్‌లిఫ్టర్లు వాడేది ఇదే. మొదట్లో కళ్లలో నీళ్లు తిరిగేంత నొప్పిగా ఉంటుంది. పోటీలకు వెళ్లే ఉద్దేశం లేనివాళ్లకు దీని కోసం కష్టపడమని నేను చెప్పను.

స్ట్రాప్ తప్పా?

జిమ్‌లో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఖాళీ బార్‌కీ, లాట్ పుల్‌డౌన్ వార్మప్‌కీ కూడా స్ట్రాప్ చుట్టేవాళ్లు ఒక రకం. చేతులు జారి మూడు రెప్స్‌కే సెట్ ఆపేసినా సరే, స్ట్రాప్ ముట్టుకుంటే పరువు పోతుందనుకునేవాళ్లు ఇంకో రకం. మొదటివాళ్లకు పట్టు పెరగదు, రెండోవాళ్లకు వీపు పెరగదు.

నియమాల సంగతికొస్తే, వెయిట్‌లిఫ్టింగ్‌లో గానీ, ఐపీఎఫ్ (అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య) పవర్‌లిఫ్టింగ్‌లో గానీ పోటీలో స్ట్రాప్ కట్టనివ్వరు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచినప్పుడు స్నాచ్‌లో (ఒకే ఊపులో తల పైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది, అంతా వట్టి చేతులతోనే. అదే స్ట్రాంగ్‌మ్యాన్ పోటీల్లో డెడ్‌లిఫ్ట్‌కి (బార్‌ని నేల మీంచి లేపి నిటారుగా నిలబడటానికి) స్ట్రాప్‌లు మామూలు. 2016లో బ్రిటన్ స్ట్రాంగ్‌మ్యాన్ ఎడ్డీ హాల్ 500 కిలోలు లేపింది స్ట్రాప్‌లతోనే. ఇంకో సంగతి, పోటీలో కట్టని వెయిట్‌లిఫ్టర్లు కూడా సాధనలో బార్‌ని నేల మీంచి లాగే బరువైన పుల్స్‌కి స్ట్రాప్ వాడతారు, చేతుల చర్మాన్ని కాపాడుకోవడానికి. అంటే స్ట్రాప్ మోసమూ కాదు, బలహీనతకు గుర్తూ కాదు. ఈ రోజు ఈ సెట్‌లో ఏ కండకి పని పెడుతున్నాం అన్నదే అసలు ప్రశ్న.

‘పిడికిలి బలం తగ్గితే ఆయుష్షు తగ్గుతుందట’ అంటూ ఈ మధ్య వాట్సాప్‌లో తిరుగుతోంది కదా. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్యూర్ అనే అధ్యయనం దానికి ఒక మూలం. మన దేశంతో సహా 17 దేశాల్లో సుమారు 1.4 లక్షల మందిని చూసి, పట్టు తక్కువ ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువని తేల్చారు. ఒళ్లంతా ఎంత బలంగా ఉందో పిడికిలి చూపిస్తుందన్నమాట. అంతేగానీ స్ట్రాప్ కడితే ఆయుష్షు తగ్గుతుందని కాదు.

కట్టే పద్ధతి

దుకాణంలో అడిగేటప్పుడు జాగ్రత్త. మణికట్టు చుట్టూ బిగించే రిస్ట్ ర్యాప్ వేరు, అది బెంచ్ ప్రెస్‌లో మణికట్టు వంగకుండా ఆపుతుంది. మనకు కావాల్సింది ఒక చివర చిన్న కన్నం ఉండి, పొడుగ్గా తోకలా వేలాడే కాటన్ పట్టీ.

తోకని కన్నంలోంచి దూర్చి, ఏర్పడ్డ ఉచ్చులో చేయి పెట్టండి. తోక అరచేతి మీదుగా వచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యలోంచి బయటికి రావాలి. చిటికెనవేలి వైపు నుంచి వస్తుంటే తలకిందులుగా వేసుకున్నట్టు. ఇప్పుడు బార్ మీద చేయి పెట్టండి. వేళ్లు బార్ ముందు వైపు నుంచి కిందికి దిగి లోపలికి చుట్టుకుంటాయి. స్ట్రాప్ అందుకు ఎదురుగా పోవాలి, అంటే బొటనవేలు పోయే దారిలోనే. మీ వైపు నుంచి కిందికి, బార్ అడుగునుంచి ముందుకి, పైకి. ఒకటి రెండు చుట్లు చాలు. తోకని అరచేతి కింద నొక్కిపట్టి, బార్ పైభాగం మీ వైపు వచ్చేలా తిప్పండి. వదులంతా పోయి, మణికట్టు బార్‌కి అతుక్కున్నట్టు అవుతుంది.

ఎడమచేయి ముందు కట్టుకోండి, కుడిచేతి వాటం వాళ్లయితే. రెండో చేయి కట్టేటప్పుడు సాయానికి చేతులు ఉండవు, కుడిచేయి ఒక్కటే వేళ్లతో తన స్ట్రాప్ తనే చుట్టుకోవాలి. మొదటి రోజు చిరాకొస్తుంది. ఖాళీ బార్ మీద ప్రాక్టీస్ చేయండి.

క్లీన్‌లో, అంటే బార్‌ని భుజాల మీదికి ఎత్తే వ్యాయామంలో, స్ట్రాప్ వద్దు. బార్ భుజాల మీదికి తిరిగేటప్పుడు చేతులు విడిపించుకోలేకపోతే మణికట్టు పోతుంది. బెంచ్ ప్రెస్‌కీ, ఓవర్‌హెడ్ ప్రెస్‌కీ అసలు పనే లేదు.

పట్టు పెంచుకోవడం

కుడి ముంజేయి మీద ఎడమచేయి వేసి, కుడి వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉండండి. మోచేతి కింద కండలు కదలడం తెలుస్తుంది. వేళ్లను ముడిచే పెద్ద కండలన్నీ అక్కడే ఉన్నాయి, వేళ్ల దాకా వచ్చేవి వాటి టెండన్లు, అంటే కండని ఎముకకి కలిపే గట్టి తాళ్లు. కండలకన్నా టెండన్లు నెమ్మదిగా గట్టిపడతాయి. అందుకే తొందరపడి రోజూ పట్టు వ్యాయామం చేసేవాళ్లకి మోచేయి లోపలి పక్క నొప్పి పట్టుకుంటుంది. వారానికి రెండు రోజులు, అదీ వ్యాయామం అంతా అయ్యాక చేస్తే చాలు. ముందే చేస్తే ఆ రోజు డెడ్‌లిఫ్ట్ పాడవుతుంది.

అందరికీ నేను చెప్పేది ఒకటే: డెడ్‌లిఫ్ట్ చివరి సెట్‌లో ఆఖరి రెప్ పైకి తెచ్చాక బార్‌ని దించకుండా మామూలు పట్టుతోనే పట్టుకుని నిలబడండి. 10 సెకన్లతో మొదలుపెట్టి, 20 దాకా వచ్చాక బరువు పెంచండి. భుజాలు వేలాడనివ్వకండి. చేతులు తెరుచుకునే దాకా ఆగకుండా, ఇంకో రెండు సెకన్లు పట్టుకోగలననిపించినప్పుడే దించేయండి.

దానికి తోడు పుల్‌అప్ బార్‌కి వేలాడటం. ఇంట్లో చేసుకునేవాళ్లకి తాగునీళ్ల క్యాన్లు ఉండనే ఉన్నాయి. నిండా నీళ్లున్న 20 లీటర్ల క్యాన్ 20 కిలోలకి కాస్త పైనే. మెడ దగ్గర చుట్టూ వేళ్లు పట్టి, చేతికొకటి తీసుకుని వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడవండి. క్యాన్ మెడ లావుగా, నున్నగా ఉంటుంది కాబట్టి అదే బరువున్న డంబెల్‌కన్నా చాలా కష్టం. మూత బిగించారో లేదో చూసుకోండి, పాదాల మీద పడకుండా బూట్లు వేసుకోండి. మణికట్టు పైకీ కిందికీ ఊపే రిస్ట్ కర్ల్స్ కావాలంటే చేయండి, డెడ్‌లిఫ్ట్ పట్టుకి వాటివల్ల ఒరిగేది తక్కువే.

ఈ రెండు వారాల పని

ఉదాహరణకి మీ డెడ్‌లిఫ్ట్ పని సెట్, అంటే వార్మప్ అయ్యాక చేసే అసలు సెట్, 90 కిలోలనుకుందాం. వార్మప్ సెట్లు 40, 60, 75 మామూలు పట్టుతో, వట్టి చేతులతో. 90 కూడా చాక్ రాసుకుని వట్టి చేతులతోనే మొదలుపెట్టండి. మధ్యలో వేళ్లు తెరుచుకుంటుంటే బార్ దించి, స్ట్రాప్ కట్టుకుని మిగతా రెప్స్ పూర్తిచేయండి. తర్వాత 60తో చివరి సెట్ చేసి, ఆఖరి రెప్‌లో పైన చెప్పినట్టు బార్ పట్టుకుని నిలబడండి. ఆ తర్వాత చేసే రోమేనియన్ డెడ్‌లిఫ్ట్‌కీ, రోయింగ్‌కీ (ముందుకి వంగి బార్‌ని పొట్ట వైపు లాగడం) మొదటి సెట్ వట్టి చేతులు, మిగతా సెట్లు నిస్సంకోచంగా స్ట్రాప్‌తో. అక్కడ మన పని తొడలకీ వీపుకీ.

వ్యాయామం మొదలుపెట్టి మూడు నెలలు కాని వాళ్లు మాత్రం ఇంకా స్ట్రాప్ కొనకండి. మీరు ఎత్తే బరువులకి మీ చేతులు చాలు, ఆ బరువులతోనే పట్టు దానంతటదే పెరుగుతుంది. అరచేతుల చెమట జబ్బు ఉన్నవాళ్లకీ, వేలికి పాత దెబ్బ ఉన్నవాళ్లకీ ఈ నియమం వర్తించదు.

నోట్‌బుక్‌లో ఈసారి రెండు అంకెలు రాయండి: వట్టి చేతులతో ఆగిన బరువు, 60 కిలోలతో నిలబడ్డ సెకన్లు. ఆరో పాఠంలో రోయింగ్ మొదలుపెడదాం, అక్కడ ఈ రెండు అంకెలూ కావాలి.