ఓవెన్‌లో పొంగే జర్మన్ ఆపిల్ పాన్‌కేక్: ఆపిల్ ఉన్నా అణగకుండా ఎలా చెయ్యాలి

మామూలు పాన్‌కేక్‌లతో ఒక ఇబ్బంది ఉంది, ఒక్కొక్కటే పెనం మీద పోసి తిప్పుతూ ఉండాలి, అందరూ తినేదాకా ఒకరు స్టవ్ దగ్గరే నిలబడాలి. జర్మన్ ఆపిల్ పాన్‌కేక్‌లో ఆ బాధ లేదు. ఒకటే మూకుడు, ఒకటే వాయి. పిండి పోసి ఓవెన్‌లో పెట్టేస్తే ఇరవై నిమిషాల్లో అంచులు మూకుడు దాటి పైకి లేస్తాయి, మధ్యలో దాల్చినచెక్క వాసనతో మెత్తబడ్డ ఆపిల్ ముక్కలు ఉంటాయి, వాటి చుట్టూ కస్టర్డ్ లాంటి మెత్తటి పొర ఉంటుంది, ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని తినొచ్చు. పైగా బేకింగ్ పౌడర్ అక్కర్లేదు, సోడా అక్కర్లేదు, ఈస్ట్ అక్కర్లేదు.

పేరులో జర్మన్ ఉన్నా, జర్మనీ ఇళ్ళల్లో ఆపిల్ పాన్‌కేక్ మామూలుగా స్టవ్ మీద పెనంలోనే చేస్తారు. ఓవెన్‌లో ఇలా పొంగించే పద్ధతి బాగా పేరు తెచ్చుకున్నది అమెరికాలో. సియాటిల్‌లో మాంకా కుటుంబం నడిపిన కెఫేలో 20వ శతాబ్దం మొదటి సగంలోనే దీని చెల్లెలు లాంటి డచ్ బేబీ దొరికేది, అందులో ఆపిల్ ఉండదు. తర్వాత 1953లో పోర్ట్‌లాండ్‌లో మొదలైన ఒరిజినల్ పాన్‌కేక్ హౌస్ ఈ రెండింటినీ తన మెనూలో ముఖ్యమైన వంటకాలుగా నిలబెట్టింది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఆ రెస్టారెంట్‌కి వెళ్ళి ఉంటే పళ్ళెం నిండా పొంగి వచ్చే ఆపిల్ పాన్‌కేక్‌ని చూసే ఉంటారు. ఇంట్లో అంత పెద్దది రాకపోవచ్చు కానీ అంత రుచిగా మాత్రం కచ్చితంగా వస్తుంది.

డచ్ బేబీ చెయ్యడం తేలిక. దీనికొచ్చేసరికి పని పెరిగేది ఆపిల్ వల్లే. పిండి పైకి లేవాలని చూస్తుంటే ఆపిల్ ముక్కలు బరువుతో కిందికి లాగుతాయి, పైగా వాటి నీరు పిండిలోకి దిగి దాన్ని పల్చన చేస్తుంది, ముక్కలకి పట్టిన చక్కెర పాకం మూకుడుకి అంటుకుని అంచులు ఎక్కకుండా అడ్డం పడుతుంది. ఈ మూడింటికీ ముందే విరుగుడు చూసుకుంటే మిగతాదంతా ఓవెన్ చూసుకుంటుంది.

ముందు కొలతలు. ఇవి 10 అంగుళాల ఇనప మూకుడుకి సరిపోతాయి, ఇద్దరు కడుపు నిండా తినొచ్చు, పక్కన ఇంకేదైనా ఉంటే ముగ్గురికి వస్తుంది. గుడ్లు 3, పాలు 120 మిల్లీలీటర్లు, మైదా 65 గ్రాములు (అంటే అర కప్పు), చక్కెర ఒక టేబుల్ స్పూన్, పావు టీ స్పూన్ ఉప్పు, ఒక టీ స్పూన్ వెనిలా, జాజికాయ నాలుగైదు సార్లు గీరితే వచ్చేంత పొడి. ఆపిల్‌కి: పెద్దది ఒకటి, మూడు టేబుల్ స్పూన్ల బ్రౌన్ షుగర్ లేదా బెల్లం పొడి, అర టీ స్పూన్ దాల్చినచెక్క పొడి, ఒక టీ స్పూన్ నిమ్మరసం. వెన్న మొత్తం మీద నాలుగు టేబుల్ స్పూన్లు, దాదాపు 55 గ్రాములు, అందులో సగం ఆపిల్‌కి, సగం మూకుడుకి. అమూల్ లాంటి ఉప్పు వెన్న వాడితే పిండిలో ఉప్పు మానెయ్యండి. అమెరికాలో దొరికే లార్జ్ గుడ్డు పెంకు తీస్తే సుమారు 50 గ్రాములు ఉంటుంది. మన దగ్గర గుడ్లు చిన్నవిగా ఉంటే నాలుగు వేసుకోండి, లెక్క 150 గ్రాములకి దగ్గరగా ఉండాలి. ఈ వంటకంలో గుడ్డే ప్రాణం, అందుకే గుడ్డు తినని వాళ్ళకి దీన్ని సిఫార్సు చెయ్యను. గుడ్డు బదులు పెరుగో అరటిపండో వేస్తే ఏదో ఒక కేకు తయారవుతుంది తప్ప ఈ పొంగు రాదు.

పొంగు ఎలా వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. పాలల్లో, గుడ్లలో ఉన్న నీరు వేడి మూకుడు తగలగానే ఆవిరవుతుంది, ఆ ఆవిరి పిండిని పైకి తోస్తుంది, గుడ్డులోని ప్రొటీన్, మైదాలోని గ్లూటెన్ కలిసి ఆ ఆవిరిని పట్టి ఉంచేంత సాగుతాయి, తర్వాత ఆ ఆకారంలోనే గట్టిపడతాయి. ఓవెన్ గానీ మూకుడు గానీ చాలినంత వేడిగా లేకపోతే ఆవిరికి బలం రాకముందే గుడ్డు ఉడికిపోయి, పాన్‌కేక్ కాస్తా దళసరి ఆమ్లెట్ అవుతుంది. అందుకే మొదటి పని ఓవెన్ వెయ్యడం, ఆ తర్వాతే మిగతావి.

మధ్య అరలో ఖాళీ మూకుడు పెట్టి ఓవెన్‌ని 220 డిగ్రీల సెల్సియస్‌కి, అమెరికా ఓవెన్ అయితే 425 ఫారెన్‌హీట్‌కి పెట్టండి. బీప్ మోగింది కదా అని వెంటనే మొదలుపెట్టకండి, అప్పటికి లోపలి గాలి వేడెక్కి ఉంటుంది గానీ ఇనుము ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది, ఇంకో పది పదిహేను నిమిషాలు ఆగండి. ఓవెన్ లోపల గాలి తిప్పే ఫ్యాన్ ఉంటే ఆపెయ్యండి, అది పైభాగాన్ని త్వరగా ఆరబెట్టి పొంగుని ఆపేస్తుంది. ఇండియాలో ఓటీజీ వాడేవాళ్ళు రెండు రాడ్లూ వేసి, అర మాత్రం కిందికి దించి పెట్టండి, ఎందుకంటే పాన్‌కేక్ పొంగాక పై రాడ్‌కి దగ్గరయి మాడుతుంది. పిడి ఉన్న మూకుడు ఓటీజీలో పట్టకపోతే 8 లేదా 9 అంగుళాల గుండ్రటి కేకు టిన్ను తీసుకోండి, కాకపోతే అంత పల్చటి టిన్నుని పావుగంట కాల్చక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు. దోశ పెనం పనికిరాదు, దానికి గోడలు లేవు, పిండి ఎక్కడానికి ఏదో ఒక గోడ ఉండాలి. గాజు పాత్రని మాత్రం ఖాళీగా కాల్చి అందులో చల్లటి పిండి పొయ్యకండి, పగిలిపోయే ప్రమాదం ఉంది.

ఓవెన్ వేడెక్కుతుండగా పిండి కలపండి. గుడ్లు, పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవైతే గుడ్లని పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, పాలు కాస్త వెచ్చబెట్టుకోండి, చల్లటి పిండి వేడి మూకుడుని చల్లార్చేస్తుంది. మిక్సీలో ముందు పాలు, గుడ్లు, తర్వాత మైదా, చక్కెర, ఉప్పు, వెనిలా, జాజికాయ వేసి ఉండలు లేకుండా అరనిమిషం తిప్పితే చాలు. మిక్సీ చప్పుడు వద్దనుకుంటే గిన్నెలో మైదాకి గుడ్లు కలిపి ముద్దలా చేసుకుని, పాలు కొద్దికొద్దిగా పోస్తూ పల్చన చేసుకోవచ్చు. పిండి చూడ్డానికి మరీ నీళ్ళగా ఉందే అనిపిస్తుంది, అలాగే ఉండాలి, భయపడి ఇంకో చెంచా మైదా వెయ్యొద్దు. ఇరవై నిమిషాలు కదపకుండా వదిలెయ్యండి, మైదా తడిని పూర్తిగా పీల్చుకుంటుంది, పైన నురుగు కూడా దిగుతుంది. పొద్దున్నే ఇంత పని దేనికనుకునేవాళ్ళు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుని, చేసే ముందు ముప్పావుగంట బయట ఉంచితే సరిపోతుంది.

నీచు వాసన గురించి చాలామంది అడుగుతారు. మూడు గుడ్లు పడుతున్నాయంటే ఆ అనుమానం సహజమే. వెనిలా, జాజికాయ రెండూ పిండిలో ఉండాలన్నది అందుకే, ఇంకా సందేహం ఉంటే నిమ్మకాయ తొక్క పసుపు భాగం వరకే కొంచెం గీరి వెయ్యండి. అసలు నీచు వాసన ఎక్కువగా వచ్చేది మధ్యలో సరిగ్గా కాలనప్పుడే.

ఇక ఆపిల్. పుల్లగా, గట్టిగా ఉండేది కావాలి. పచ్చటి గ్రానీ స్మిత్ అన్నిటికంటే మంచిది, ఉడికినా ముక్క ముక్కలాగే ఉంటుంది, పులుపు వల్ల చక్కెర మొహం మొత్తదు. హనీక్రిస్ప్, బ్రేబర్న్ కూడా బాగుంటాయి. మెకింటాష్ వద్దు, గుజ్జయిపోతుంది. మన ఊళ్ళల్లో ఇప్పుడు సూపర్ మార్కెట్లలో గ్రానీ స్మిత్ దొరుకుతోంది, దొరక్కపోతే హిమాచల్ ఆపిల్స్‌లో గట్టిగా, కొరికితే కరకరలాడేది చూసి తీసుకుని నిమ్మరసం రెట్టింపు చెయ్యండి. పిండిపిండిగా ఉండే ఎర్ర ఆపిల్ దీనికి సరిపడదు. తొక్క తీసి, గింజల భాగం తీసేసి, అర సెంటీమీటరు మందం ముక్కలుగా తరగండి. ఇంతకంటే మందంగా ఉంటే మధ్యలో పచ్చిగా తగులుతుంది.

వేరే చిన్న పెనంలో రెండు టేబుల్ స్పూన్ల వెన్న కరిగించి, ముక్కలు వేసి మధ్యస్థం మంట మీద మూడు నాలుగు నిమిషాలు వేయించండి, నీరు ఊరడం కనిపిస్తుంది. అప్పుడు బ్రౌన్ షుగర్, దాల్చినచెక్క, నిమ్మరసం వేసి ఇంకో రెండు మూడు నిమిషాలు, నీరంతా ఇగిరి పాకం ముక్కలకి పట్టేదాకా ఉంచండి. పెనం వంచితే కింద నీళ్ళలా కాకుండా చిక్కగా కదలాలి. ముక్క చాకుతో గుచ్చితే దిగాలి కానీ విరక్కూడదు, మిగతాది ఓవెన్‌లో ఉడుకుతుంది. చాలా రెసిపీల్లో ఆపిల్‌ని అదే మూకుడులో వేయించి దాని మీదే పిండి పొయ్యమంటారు, ఒక గిన్నె కడగడం తప్పుతుంది నిజమే. కానీ పాకం మూకుడు అంచులకి అంటుకుంటే పిండి అక్కడ అతుక్కుపోతుంది, పైకి జారదు. నాకు పొంగు ముఖ్యం కాబట్టి వేరుగానే చేస్తాను, మీకూ అదే చెప్తాను.

ఇప్పటినుంచి అంతా ఒక్క నిమిషంలో అయిపోవాలి కాబట్టి పిండి, ఆపిల్, వెన్న, గరిటె అన్నీ ఓవెన్ పక్కనే పెట్టుకోండి. మందపాటి మసిగుడ్డతో మూకుడు బయటికి తీసి, మిగిలిన రెండు టేబుల్ స్పూన్ల వెన్న వేసి, మూకుడుని తిప్పుతూ గోడలకి కూడా పట్టించండి. వెన్న చుయ్యిమని నురుగు రావాలి, రాకపోతే మూకుడు ఇంకా కాలలేదన్నమాట. వెన్నని ముందే వేసి ఓవెన్‌లో వదిలేస్తే అందులోని పాల భాగం నల్లగా మాడుతుంది. నెయ్యి అయితే మాడదు, నెయ్యి వాడినా పాన్‌కేక్ చక్కగా పొంగుతుంది, కాకపోతే రుచి మన స్వీట్ల వైపు వెళ్తుంది, నాకు అదీ ఇష్టమే. ఆపిల్ ముక్కల్ని మధ్యలో ఒకే వరసగా పరిచి, చుట్టూ అంగుళం వెడల్పున ఖాళీ వదలండి. ఆ ఖాళీలోంచే అంచు లేస్తుంది, దాని మీద బరువు పెట్టకూడదు. పిండిని ఒకసారి కలిపి, మధ్యలోంచి ధారగా పోసి, వెంటనే లోపల పెట్టి తలుపు వెయ్యండి.

పదిహేను నిమిషాలు తలుపు తియ్యొద్దు. ఓవెన్ అద్దంలోంచి చూడండి, పిల్లలుంటే వాళ్ళని కూర్చోబెట్టండి, పదో నిమిషం దగ్గర్నుంచి అంచులు ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత లేస్తూ వంకరటింకరగా పెరుగుతుంటే చూడ్డం నిజంగా బాగుంటుంది. పదిహేను నిమిషాలయ్యాక వేడిని 190 డిగ్రీలకి, అంటే 375 ఫారెన్‌హీట్‌కి తగ్గించి ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఉంచండి. అంచులు ముదురు బంగారు రంగులోకి రావాలి, మధ్యలో తడిగా మెరవకూడదు, మూకుడు కదిపితే పిండి అలలాగా ఊగకూడదు. లేత రంగులో ఉండగానే తీస్తే అంచులు చేతిలోనే చతికిలబడతాయి.

బాగా కాలినా సరే బయటికి తీసిన ఒకటి రెండు నిమిషాల్లో దిగుతుంది, లోపలి ఆవిరి చల్లబడటమే కారణం, అది తప్పు కాదు. అందుకే అందర్నీ ముందే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి అప్పుడు తియ్యండి. మూకుడు పిడి మీద ఒక గుడ్డ కప్పి ఉంచండి, అది ఓవెన్‌లోంచి వచ్చిందని మర్చిపోయి పట్టుకునేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. పైన మిక్సీలో పొడి చేసిన చక్కెర జల్లెడతో చల్లి, నిమ్మకాయ పిండితే చాలు, నాకైతే మేపుల్ సిరప్ కంటే నిమ్మకాయే నచ్చుతుంది, ఆపిల్‌లో తీపి ఎటూ ఉంది. పక్కన చిక్కటి కాఫీ ఉంటే టిఫిన్ పూర్తయినట్టే.

నలుగురైదుగురు ఉంటే కొలతలు రెట్టింపు చేసి అదే మూకుడులో పొయ్యకండి, మధ్యలో కాలేసరికి అంచులు మాడతాయి. రెండు మూకుళ్ళలో చెయ్యండి, లేదా 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న మెటల్ ట్రేలో పొయ్యండి, అప్పుడు ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటుంది, మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతుంది కాబట్టి ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు వెచ్చబెట్టండి, మళ్ళీ పొంగదు గానీ అంచులు కరకరలాడతాయి.