బడిలో చేసిన పనిని జర్నల్‌కు పంపే వ్యాసంగా రాయడం ఎలా?

అవార్డు దరఖాస్తులు దగ్గర పడగానే మన తిరుపతి, చిత్తూరు వైపు సార్లకూ మేడమ్‌లకూ ఒక్కసారిగా పేపర్ వేయించుకోవాలన్న తొందర పుడుతుంది. పట్టుకొచ్చేదేమో 'విద్యలో ఐసీటీ (అంటే కంప్యూటర్, ఇంటర్నెట్ లాంటివాటి) పాత్ర'. ఆ వ్యాసం చదివితే రాసినవాళ్లు అసలు బడికి వెళ్తున్నారో లేదో కూడా తెలియదు.

ముందు కావాల్సినవి: ఒక లాంగ్ నోట్‌బుక్, ఫోన్. టైపింగ్ యూనికోడ్‌లోనే ఉండాలి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి పంపితే అవతల పిచ్చి గీతలే కనిపిస్తాయి.

తర్వాత ప్రశ్న. ఒక తరగతి, ఒక ఇబ్బంది చాలు. 'గ్రామీణ విద్యార్థుల భాషా సామర్థ్యాలు' మనకొద్దు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే మూడో తరగతి పిల్లలు 'బడి'ని 'పడి' అని ఎందుకు రాస్తున్నారు? ఇది ప్రశ్న.

ఇక జరిగింది రాయడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మీరు కొత్త పద్ధతేదీ మొదలుపెట్టకముందే పిల్లలతో డిక్టేషన్ రాయించండి. ఎర్ర పెన్ను పడకముందే ప్రతి పేజీ ఫోటో తీసి, తేదీ వేసుకోండి. దిద్దాక తీసిన ఫోటోలో పిల్ల రాసింది కనపడదు, మీ టిక్కులే కనపడతాయి. 'చాలామంది తప్పులు రాశారు' అనకుండా తప్పును ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి: బడి–పడి, గోడ–కోడ. ఆ తప్పు పదం మొదట్లో వస్తోందా, మధ్యలోనా అని విడదీయండి. తమిళ లిపిలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. మాటలో చూస్తే అదే అక్షరం చాలావరకు పదం మొదట్లో ప లాగా, రెండు అచ్చుల మధ్య బ లాగా పలుకుతుంది. అయితే అదే కారణమని వెంటనే తేల్చేయకండి. ఆ పిల్లకు తమిళం చదవడం వచ్చా? 'బస్సు' అని నోటితో సరిగ్గానే అంటోందా? అంటుంటే తిప్పలు నోటిలో లేవు, రాతలోనే ఉన్నాయి. ఈ రెండు ప్రశ్నలు అడగకుండా రాసిన వ్యాసాన్ని సమీక్షకులు (పత్రిక తరఫున చదివి బాగోగులు చెప్పేవాళ్లు) తిప్పి పంపితే వాళ్లను తిట్టుకోవద్దు.

'నా పద్ధతి వల్లే మార్పు వచ్చింది' అనే వాక్యం కనిపిస్తే కొట్టేయండి. జూన్ నుంచి డిసెంబరు దాకా బడికొచ్చిన పిల్ల మీరేం చేయకపోయినా కొంత నేర్చుకుంటుంది. ఏం చేశారో, ఎన్నాళ్లు చేశారో, తర్వాత అదే డిక్టేషన్‌లో ఏం మారిందో చెప్పండి. మారని పిల్లల గురించి తప్పకుండా ఒక పేరా ఉండాలి. నేనైతే ముందు ఆ పేరా వెతుక్కుంటాను, లేకపోతే మిగతాది నమ్మను. 'పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు' అనే మాట అసలు వాడకూడదు. మీ గురించి మీరే 'పరిశోధకుడు' అని రాసుకోవడం కూడా మానేయండి, 'నేను' అనండి.

ఎం.ఎడ్. చేసినవాళ్లకు ప్రశ్నావళి మీద మోజు ఎక్కువ. స్టాఫ్‌రూమ్‌లో కాగితాలు పంచుతారు, టీ వచ్చేలోగా అందరూ 'అంగీకరిస్తున్నాను' మీద టిక్కులు పెట్టేస్తారు, చివర్లో 'శూన్య ప్రాకల్పన (తేడా ఏమీ లేదన్న ఊహ) తిరస్కరించబడింది' అని రాసేస్తారు. దానికన్నా పది నోట్‌బుక్కులు శ్రద్ధగా చూడటమే మేలు.

ఎక్కడికి పంపాలి? హైదరాబాద్ నుంచి వచ్చే టీచర్ ప్లస్, ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రైమరీ టీచర్, స్కూల్ సైన్స్ చూడండి. ఇవి ఇంగ్లిష్ పత్రికలు. తెలుగులో ఆలోచించి రాసుకుని, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లతో కూర్చుని మార్చుకోండి. పాత సంచికలు రెండైనా చదవకుండా మాత్రం పంపొద్దు. 'మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఫ్రీ' అని వాట్సాప్‌లో వచ్చేవాటికి పైసా కట్టకండి. ఐఎస్‌ఎస్‌ఎన్ అనేది పత్రికను గుర్తుపట్టే నంబరు, నాణ్యతకు ముద్ర కాదు. యూజీసీ తాను గుర్తించిన పత్రికలతో పెట్టిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఇప్పటికీ 'యూజీసీ కేర్ జర్నల్' అని ప్రకటన ఇస్తున్నారంటే సంగతి మీకే అర్థమవుతుంది.

పంపేముందు పిల్లల పేర్లు మార్చండి, హెచ్‌ఎమ్‌కు చెప్పండి. ఒకేసారి రెండు చోట్లకు పంపకండి. సమీక్షకుల వ్యాఖ్యలు వస్తే ఒక్కోదానికి కింద మీ జవాబు, మార్చిన పేజీ నంబరు రాసి తిరిగి పంపండి. ఒప్పుకోనిది ఉంటే ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పొచ్చు, వాదన పెట్టుకోవద్దు. మూడు నెలలు దాటినా కబురు లేకపోతే ఒక చిన్న మెయిల్ పెట్టండి. ఎడిటర్‌కు ఫోన్లు మాత్రం చేయకండి.